గుల్లబారిన ఎముక విరిగితే ఏ కోడ్ వేయాలి?

అమెరికా ఆసుపత్రుల చార్టుల్లోని జబ్బులకు కోడ్‌లు వేసేవారికి ఆడిట్‌లో తరచూ తిరిగివచ్చే కేసులివి. ఇక్కడ చెప్పేవన్నీ అక్కడ జబ్బులకు వాడే కోడ్‌ల జాబితా ఐసీడీ-10-సీఎం ప్రకారం.

సమస్య: తొడ ఎముక గాయం కోడ్ ఎస్72 వేస్తే ఆడిటర్ తప్పుపట్టారు

చార్టు చూడండి. 78 ఏళ్ల మహిళ బాత్రూమ్‌లో కాలు జారి పడ్డారు. కుడి తొడ ఎముక మెడ దగ్గర విరిగింది. పాత జబ్బుల్లో ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) ఉంది, దానికి వారానికొక అలెండ్రోనేట్ మాత్ర వాడుతున్నారు.

కారణం: ‘పడ్డారు’ అన్న మాట కనబడగానే గాయాల కోడ్ వేసేస్తాం. కానీ ఆస్టియోపొరోసిస్ ఉందని తెలిసిన రోగికి, ఆరోగ్యంగా ఉన్న ఎముకను మామూలుగా విరగగొట్టని చిన్నపాటి పడిపోవడంతో ఎముక విరిగితే ఎం80 (ఆస్టియోపొరోసిస్ వల్ల ఎముక విరిగినప్పటి కోడ్) వేయాలనీ, గాయం కోడ్ వేయకూడదనీ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

పరిష్కారం: కుడి తొడ ఎముకకు ఎం80.051ఏ. దీనికి తోడు ఎం81 (ఎముక విరగని ఆస్టియోపొరోసిస్ కోడ్) వేయకండి, ఆ రెండూ కలిసి రాకూడదు. గాయం కోడ్ పడితే రికార్డులో ఆమె కేవలం జారిపడిన మనిషిగా మిగిలిపోతారు. రెండో తుంటిని కాపాడుకోవాల్సిన జబ్బు మరుగున పడుతుంది. అందుకే ఈ తప్పును నేను చిన్నదిగా చూడను.

సమస్య: ఎక్స్‌రేలో ‘ఎముకల సాంద్రత తగ్గింది’ అని ఉంది, డాక్టర్ నోట్‌లో ఏమీ లేదు

కారణం: రోగ నిర్ధారణ రాయాల్సింది చికిత్స చేస్తున్న డాక్టర్. ఎక్స్‌రే రిపోర్టును బట్టి కోడర్ ఊహించకూడదు.

పరిష్కారం: డాక్టర్‌కు క్వెరీ (రాతపూర్వక ప్రశ్న) పంపండి. ‘ఇది ఆస్టియోపొరోసిస్ వల్లే కదా?’ అని అడిగితే జవాబును మనమే అందించినట్లు. రోగి వయసు, ఎలా పడ్డారు, ఎక్స్‌రేలో ఏముంది, ఏ మందులు వాడుతున్నారు అన్నవి ముందు రాసి, ‘ఎముక విరగడానికి కారణం మీ అభిప్రాయంలో ఏది?’ అని అడగండి. ఆస్టియోపొరోసిస్, గాయం, మరో కారణం, నిర్ధారించలేం అన్న నాలుగింటినీ ఎంచుకునే వీలుండాలి. జవాబు వచ్చేదాకా చార్టు ఆపడమే మేలు. గడువు ఒత్తిడి ఎంత ఉన్నా సరే.

సమస్య: వెన్నుపూస కోడ్ చెల్లదని సాఫ్ట్‌వేర్ తిప్పికొట్టింది

వెన్నుపూసకు వేసే ఎం80.08 తర్వాత నేరుగా ‘ఏ’ చేర్చి ఉంటారు. చికిత్స దశను చెప్పే ఏడో అక్షరం ఏడో స్థానంలోనే ఉండాలి కాబట్టి మధ్యలో ఎక్స్ పెట్టండి: ఎం80.08ఎక్స్ఏ. చురుకైన చికిత్స సాగినంతకాలం, డాక్టర్ మారినా ‘ఏ’ వేయాలి. ఆ తర్వాత మామూలుగా మానుతుంటే డి, ఆలస్యమైతే జి, అతుక్కోకపోతే కె, వంకరగా అతుక్కుంటే పి.

సమస్య: విరిగిన ఎముక ఎప్పుడో మానిపోయింది, అయినా ఎం80 పడింది

పాత కోడ్‌ను కాపీ చేసి ఉంటారు. జబ్బు మాత్రమే మిగిలితే ఎం81.0తో పాటు జెడ్87.310 (గతంలో ఆస్టియోపొరోసిస్ వల్ల ఎముక విరిగి మానిందని చెప్పే కోడ్) వేయండి.

క్యాన్సర్ వల్ల ఎముక విరిగితే దారి వేరు, అక్కడ ఎం84.5 వాడాలి. విరిగిన ఎముకకు చికిత్స జరుగుతుంటే ఎం84.5 ముందు, క్యాన్సర్‌కు జరుగుతుంటే క్యాన్సర్ కోడ్ ముందు.