ఇటలీ రెడ్ వైన్‌ను రుచి చూసి అంచనా వేయడం: పులుపు, వగరు, కాస్త ఓపిక

ఇటలీలోని మేలిరకం రెడ్ వైన్ల దగ్గర ఎక్కువమంది తడబడేది రంగు దగ్గరే. గ్లాసులో నల్లగా చిక్కగా ఉంటే గట్టి వైన్ అనీ, పలచగా ఉంటే నీరసపు వైన్ అనీ అనుకుంటారు. బరోలో ఈ లెక్కను తలకిందులు చేస్తుంది. పియెమోంతె ప్రాంతంలో నెబ్బియోలో ద్రాక్షతో చేసే ఈ వైన్ గ్లాసు వెనక పెట్టిన వేలు కనిపించేంత పలచన. నోట్లో పోసుకుంటే మాత్రం చిగుళ్ళు పట్టేసేంత వగరు. ఇటలీ రెడ్‌లను నిలబెట్టేవి పులుపూ వగరూనే. ఈ రెంటినీ విడదీసి పట్టుకోగలిగితే మిగతాదంతా సాధనతో వచ్చేస్తుంది.

ముందు ఏర్పాట్లు

గ్లాసు పెద్దదిగా, అడుగున వెడల్పుగా, మూతి దగ్గర ఇరుకుగా ఉండాలి. వాసన నిలిచేది ఆ ఇరుకులోనే. నెబ్బియోలోకి బాగా ఉబ్బెత్తుగా ఉన్న గ్లాసు మేలు. నాలుగైదు వైన్లను పోల్చేటప్పుడు మాత్రం అన్నిటికీ ఒకే రకం గ్లాసు వాడాలి. లేకపోతే గ్లాసుల తేడానే వైన్ల తేడా అనుకునే ప్రమాదం ఉంది. సబ్బు వాసనో, అల్మరా చెక్క వాసనో పట్టిన గ్లాసు మంచి వైన్‌ను కూడా పాడైనట్టు చూపిస్తుంది. అందుకే ఖాళీ గ్లాసును ముందు వాసన చూడండి. అనుమానంగా ఉంటే ఒక చెంచా వైన్ పోసి, గ్లాసంతా తిప్పి పారబోయండి.

ఒక్కొక్కరికి 50 మి.లీ. చాలు. 750 మి.లీ. సీసా ఆ లెక్కన 15 మందికి సరిపోతుంది.

వేడి విషయంలో పట్టుదలగా ఉండాలి. బరోలో, బ్రునెల్లో, అమరోనె లాంటి గట్టి వైన్లకు 16 నుంచి 18 డిగ్రీలు, తేలికపాటి బార్బెరా, దోల్చెట్టోలకు 14 నుంచి 16 డిగ్రీలు సరైనవి. 22 దాటితే ఆల్కహాల్ ముక్కుకు గుచ్చుకుంటుంది, పండు వాసన చెదిరిపోతుంది. 12 కంటే తగ్గితే వాసన మూసుకుపోతుంది, వగరూ చేదూ పదునెక్కుతాయి. అప్పుడు వైన్ గరుకుగా ఉందని రాసేస్తాం, తప్పు ఫ్రిజ్‌ది. 25 డిగ్రీల గదిలో ఉన్న సీసాను 40 నిమిషాల నుంచి గంటదాకా ఫ్రిజ్‌లో ఉంచితే దాదాపు సరైన స్థాయికి వస్తుంది. గ్లాసులో ఎలాగూ వేడెక్కుతుంది కాబట్టి ఒకటి రెండు డిగ్రీలు తక్కువగానే పోయండి.

పాత సీసాను ఒకటి రెండు రోజుల ముందే నిలబెట్టి ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది. డికాంటర్‌ (వైన్ వంచుకునే గాజు కూజా) లోకి వంచేటప్పుడు సీసా మెడ వెనక దీపం పెట్టుకుని, మడ్డి మెడ దాకా రాగానే ఆపండి. ఇరవై ఏళ్ళు దాటిన బరోలోను గంటల తరబడి గాలికి వదిలితే మిగిలి ఉన్న సున్నితమైన వాసనలూ పోతాయి. మడ్డి వేరుచేసి వెంటనే పోయడం మంచిది. అయిదారేళ్ళ లేత బరోలో సంగతి వేరు. దానికి రెండు మూడు గంటల గాలి మేలే చేస్తుంది.

వరుస కూడా ముఖ్యం. వగరు తక్కువున్నవాటి నుంచి ఎక్కువున్నవాటికి వెళ్ళండి. వగరు నోట్లో పేరుకుపోతుంది. నాలుగో గుక్క మొదటి గుక్క కంటే గరుకుగా అనిపించడానికి కారణం అదే, వైన్ మారి కాదు. మధ్యలో నీళ్ళు, ఉప్పులేని బ్రెడ్ ముక్క తీసుకోండి. చీజ్ వద్దు, అది వగరును కప్పేస్తుంది. ప్రతి గుక్కా ఉమ్మేయండి. మూడు వైన్లు మింగాక చెప్పే తీర్పు మీద నమ్మకం పెట్టుకోలేం.

చూపు

తెల్ల కాగితం మీద గ్లాసును వంచి నడిమి రంగునూ అంచు రంగునూ చూడండి. వయసు పెరిగేకొద్దీ అంచు ఇటుక రంగు వైపు, ఆపైన నారింజ వైపు జరుగుతుంది. నెబ్బియోలో ఈ దారిలో అందరికంటే తొందరపడుతుంది. నాలుగైదేళ్ళకే అంచు నారింజకు తిరగవచ్చు, దాన్ని ముసలి వైన్ అనుకోకండి. సాంజొవేజె ద్రాక్షది కూడా మధ్యస్థమైన రంగే. అదే అల్యానికో, సాగ్రాంతీనో ద్రాక్షల వైన్లు చాలాకాలం ముదురుగా ఉంటాయి. గ్లాసు గోడ మీద జారే చారలు ఆల్కహాల్ గురించి కొంత చెబుతాయి, నాణ్యత గురించి ఏమీ చెప్పవు. చూపు మీద ఇంతకంటే సమయం పెట్టనక్కర్లేదు.

వాసన, లోపాలు

గ్లాసును కదపకుండా ఒకసారి వాసన చూడండి. పాడైన వైన్ చాలాసార్లు ఇక్కడే దొరికిపోతుంది. తర్వాత గుండ్రంగా తిప్పి మళ్ళీ చూడండి. పొట్టిగా రెండు మూడు పీల్పులు చాలు. ముక్కు తొందరగా అలిసిపోతుంది, అలిసిందనిపిస్తే మీ చొక్కా చేతిని వాసన చూసి తిరిగి రండి.

తడిసిన అట్టపెట్టె, బూజు పట్టిన నేలమాళిగ వాసన వస్తే కార్క్ తెచ్చిన టీసీఏ అనే పదార్థం కారణం. లీటరులో కొన్ని నానోగ్రాములున్నా పట్టేస్తుంది. తక్కువ మోతాదులో ఉన్నప్పుడు బూజు వాసన తెలియకపోయినా పండు వాసన మాయమై వైన్ మూగగా ఉంటుంది. గాలి తగిలితే పోదు, ఇంకా తేటతెల్లమవుతుంది. అగ్గిపుల్ల, కుళ్ళిన గుడ్డు వాసన దీనికి వ్యతిరేకం. అది గాలి అందక మూసుకుపోయిన వైన్, పది పదిహేను నిమిషాలు తిప్పితే తరచుగా విప్పారుతుంది. గుర్రపుశాల, బ్యాండేజీ వాసన బ్రెట్ అనే ఈస్ట్ పని. లేశమాత్రంగా ఉంటే కొందరికి ఇష్టమే, పండు వాసనను మించితే లోపం కిందే రాయాలి. గోళ్ళ రంగు చెరిపే ద్రవం వాసన తేలిగ్గా ఆవిరయ్యే ఆమ్లాల వల్ల వచ్చేది. ఎండిన ద్రాక్షతో చేసే అమరోనెలో కొద్దిగా కనిపించడం మామూలే. ఉడికిన జామ్ వాసన వచ్చి, కార్క్ కూడా పైకి పొడుచుకొచ్చి ఉంటే సీసా ఎక్కడో ఎండలో ఉండి వచ్చిందని అనుమానించండి.

లోపం లేకపోతే అప్పుడు వెతకాల్సింది ద్రాక్ష స్వభావం. నెబ్బియోలోలో ఎండిన గులాబీ, తారు, సోంపు, ఎర్ర చెర్రీ. సాంజొవేజెలో పుల్ల చెర్రీ, టీ ఆకు, ఎండు మూలికలు, తడి మట్టి. అల్యానికోలో నల్ల పండ్లు, పొగ, బూడిద. ఎట్నా అగ్నిపర్వతం మీది నెరెల్లో మస్కాలెజెలో ఎర్ర పండ్లతో పాటు రాతి, బూడిద ఛాయ. ఓక్ చెక్క పీపాల ప్రభావాన్ని విడిగా రాసుకోండి. 225 లీటర్ల కొత్త బారిక్ పీపా వెనిల్లా, కాల్చిన చెక్క వాసన ఇస్తుంది. వేల లీటర్లు పట్టే పాత బొత్తె పీపాలు దాదాపు ఏ వాసనా కలపవు. వెనిల్లా వాసన ద్రాక్ష వాసనను దాచేస్తున్నదంటే, మా దృష్టిలో ఆ వైన్‌కు మార్కులు తగ్గాలి.

నోరు

అసలు పని ఇక్కడ. ఒక పెద్ద చెంచాడు వైన్ తీసుకుని, పెదవుల మధ్య నుంచి కొంచెం గాలి పీల్చి, చిగుళ్ళ చుట్టూ తిప్పి, పది సెకన్లాగి ఉమ్మేయండి. ఆ తర్వాత జరిగేది గమనించండి. తల కొంచెం వంచి నోరు తెరిస్తే లాలాజలం ఊరడం తెలుస్తుంది, ఎంత ఊరితే అంత పులుపు. చిగుళ్ళ మీద నాలుక జరిపినప్పుడు పొడిగా గరుకుగా ఆగితే అది వగరు. టానిన్లు (ద్రాక్ష తొక్క, గింజల్లోని వగరు పదార్థాలు) లాలాజలంలోని ప్రొటీన్లకు అతుక్కుని నోటిలోని జారుడుతనాన్ని పోగొట్టడం వల్ల అలా అవుతుంది. చేదు వేరు, అది నాలుక మీద రుచి. తెలుగులో ఈ రెంటికీ వేర్వేరు మాటలున్నా గ్లాసు ముందు కూర్చున్నప్పుడు చాలామంది కలిపేస్తారు.

విడదీయడం నేర్చుకోవడానికి పియెమోంతె వైన్లు మూడు చాలు. బార్బెరాలో పులుపు ఎక్కువ, వగరు తక్కువ. దోల్చెట్టోలో పులుపు తక్కువ, వగరు ఓ మోస్తరు, చివర్లో బాదం చేదు. నెబ్బియోలోలో పులుపూ వగరూ రెండూ ఎక్కువే. దీనికి బరోలో అక్కర్లేదు, అదే ద్రాక్షతో చేసే లాంగె నెబ్బియోలో అనే వైన్ సరిపోతుంది. సీసాలకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి, వేరొకరి చేత పోయించుకుని, ఏది ఏదో చెప్పండి. రంగు సహాయం కూడా వద్దనుకుంటే కళ్ళు మూసుకోండి. మూడు నాలుగు సార్లు చేశాక పొరపాట్లు బాగా తగ్గుతాయి.

వగరు ఎంత అన్నదాని కంటే ఎలాంటిది అన్నది ముఖ్యం. మంచి వగరు సన్నటి పొడిలా చిగుళ్ళంతా సమానంగా పరుచుకుంటుంది. పండని గింజల వగరు ఒకచోట గుచ్చి, పచ్చిగా, చేదుతో ఆగిపోతుంది. కొత్త చెక్క నుంచి వచ్చినదైతే గొంతు చివర ఆరబెట్టినట్టు ఉంటుంది. లేత వైన్‌లో మొదటి రకం ఎంత ఎక్కువున్నా ఫరవాలేదు, ఏళ్ళు గడిచేకొద్దీ మెత్తబడుతుంది. పచ్చి వగరు, చెక్క వగరు ఎన్నేళ్ళు దాచినా నయం కావు.

ఉమ్మేశాక సెకన్లు లెక్కపెట్టండి. లెక్క పండు, వాసనల రుచి నిలిచినంత సేపే. ఆల్కహాల్ మంట, వగరు మిగిలినంత సేపు కాదు. 15 సెకన్లు నిలిస్తే బాగున్నట్టే. 30 దాటితే పేరున్న వైన్ల సరసన ఉంచవచ్చు.

పేరుకు తగ్గట్టు ఉందా

ఫాయిల్ విప్పి లేబుల్ చూశాక, వైన్ ఆ పేరుకు తగ్గ మాట నిలబెట్టుకుందో లేదో చూడండి. బరోలో అమ్మకానికి రావాలంటే కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్కలో గడపాలి. రిజెర్వా అని రాసి ఉన్న బరోలోకు 62 నెలలు. నెబ్బియోలోతోనే చేసే బార్బరెస్కోకు 26 నెలలు, చెక్కలో 9. అందువల్ల బార్బరెస్కో కాస్త ముందే మెత్తబడి కనిపిస్తుంది. బరోలోలోనూ లా మోర్రా ఊరి వైపువి సువాసనగా, సెర్రాలుంగా, మోన్‌ఫోర్తె ఊళ్ళ వైపువి బిగువుగా ఉంటాయని చెబుతారు, పోల్చి చూడదగ్గ మాట.

బ్రునెల్లో ది మొంటాల్చినో నూటికి నూరు శాతం సాంజొవేజె. కోత తర్వాత అయిదో ఏడు జనవరి 1కి ముందు బయటికి రాదు. కియాంతి క్లాసికోలో 80 శాతం సాంజొవేజె చాలు. అందుకే ఒకవేళ రంగు మరీ ముదురుగా, క్యాసిస్ (బ్లాక్‌కరెంట్) పండు వాసనతో ఉంటే అందులో కాబెర్నే, మెర్లో ద్రాక్షల పాలు ఉందేమో ఆలోచించండి. అమరోనెలో కొర్వీనా ద్రాక్ష ప్రధానం. ద్రాక్షను దాదాపు మూడు నాలుగు నెలలు ఆరబెడతారు, బరువులో సుమారు మూడో వంతు నీళ్ళు పోతాయి. ఆల్కహాల్ 14 శాతం కంటే తగ్గకూడదు, తరచుగా 15, 16 ఉంటుంది. ఇక్కడ అడగాల్సింది ఒకటే: అంత బరువులోనూ పులుపు బతికి ఉందా? లేకపోతే రెండో గ్లాసు తాగబుద్ధి కాదు. కంపానియాలోని తౌరాజి అల్యానికోతో చేస్తారు, లేతప్పుడు చాలా కఠినం. దాన్ని మూడు నాలుగేళ్ళకే తోసిపుచ్చకండి.

కోత జరిగిన ఏడాదినీ కలిపి చదవాలి. 2017 లాంటి వేడి ఏడాదిలో ఆల్కహాల్ ఎక్కువ, వగరు కొంత ఎండినట్టు ఉండొచ్చు. బరోలో, బ్రునెల్లో రెండింటికీ 2010, 2016 గొప్ప ఏడాదులుగా పేరొందాయి.

మార్కులు, రెండో రోజు

20 మార్కులకు మేం చూపుకు 1, వాసనకు 6, నోటికి 9, పేరుకు తగ్గ స్వభావానికి 4 సూచిస్తాం. రంగుకు ఒక్క మార్కే ఎందుకో మొదట్లోనే చెప్పాం. అంకె కంటే ముందు వాక్యం రాయండి: పులుపు ఎంత, వగరు ఎలాంటిది, ఎన్ని సెకన్లు, ఏ వాసన. నిన్నటి అంకె రేపు మీకే అర్థం కాదు, వాక్యం అర్థమవుతుంది.

వైన్‌ను విడిగా రుచి చూసి మార్కులు వేశాక, ఒక ముక్క పాతబడ్డ పార్మిజానో చీజ్ తిని మళ్ళీ ఒక గుక్క తీసుకోండి. కొవ్వు, ప్రొటీన్ వగరును పట్టేసుకుంటాయి, ఇందాక కరుకుగా తోచిన బరోలో వెనక ఉన్న పండు ముందుకొస్తుంది. దీన్ని మొదటి మార్కుల్లో కలపకుండా పక్కన రాసుకోండి.

సీసాలో మూడో వంతు మిగిల్చి, కార్క్ పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాడు తీసి 16 డిగ్రీలకు రానిచ్చి, నిన్నటి కాగితం చూడకుండా మళ్ళీ రాయండి. చప్పబడి, మగ్గిన ఆపిల్ వాసనకు తిరిగితే దాచుకునే సరుకు కాదేమోనని అనుమానించి, మిగతా సీసాలు తొందరగా తాగేయండి. వగరు నునుపెక్కి, గులాబీ వాసన నిన్నటికంటే తేటగా వస్తే మిగతా సీసాలను అయిదేళ్ళు కదపకండి.