ఫాస్ఫరస్-32 సీసా తెరిచే ముందు

(ట్రేసర్లతో, అంటే జాడ పట్టడానికి వాడే రేడియోధార్మిక పదార్థాలతో, పని కొత్తగా నేర్చుకుంటున్న రసాయన శాస్త్రజ్ఞులకు)

• ముందురోజు రంగునీళ్లతో ప్రయోగం మొత్తం ఒకసారి చేసి చూడండి. ఈరోజు బల్ల మీద రంగు చుక్క పడిన చోటే రేపు రేడియోధార్మికత పడుతుంది. నా దృష్టిలో ఇంతకు మించిన శిక్షణ లేదు.

• అడ్డుగా సెంటీమీటరు మందం యాక్రిలిక్ పలక ఉంచండి. సీసమే భద్రమని చాలామంది అనుకుంటారు. కానీ 1.71 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దాకా శక్తి ఉండే ఫాస్ఫరస్-32 బీటా కణాలు నేరుగా సీసానికి తగిలితే ఎక్స్-కిరణాలు పుడతాయి. సీసం వాడితే యాక్రిలిక్‌కు మీ వైపునే.

• ఒంటికి తగిలే వికిరణ మోతాదును కొలవడానికి ఛాతీకి టీఎల్‌డీ బ్యాడ్జి, గ్లౌజు లోపల వేలికి ఉంగరపు డోసిమీటరు. గ్లౌజులు రెండు జతలు.

• నోటితో పిపెట్ పీల్చకూడదు. సీసాను పట్టకారుతోనే ఎత్తాలి.

• గైగర్ కౌంటర్ బ్యాటరీ చూసి, పరిసరాల సహజ వికిరణం ఎంతో ముందే రాసుకోండి. ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) వాడే రోజున మాత్రం దీన్ని నమ్మవద్దు, అది ట్రిటియాన్ని పట్టుకోలేదు. బల్లను తుడిచిన కాగితాన్ని ద్రవ సింటిలేషన్ కౌంటర్‌లో (వికిరణం వల్ల ద్రవంలో పుట్టే మెరుపులను లెక్కించే పరికరంలో) పెట్టి చూడాలి.

• వ్యర్థాల డబ్బాపై తేదీ వేయండి. అర్ధాయువు 14.3 రోజులు కాబట్టి, 143 రోజులకు సుమారు వెయ్యో వంతు మిగులుతుంది. అప్పుడు కూడా కొలిచాకే పారేయాలి.