పైన ఏం రాసి పంపుతారు?

నేను ఒక స్వచ్ఛంద ఆరోగ్య సంస్థకి సోషల్ మీడియా పోస్టులు రాస్తాను. మొదట్లో రాసిన ఒక పోస్టుని ఇప్పటికీ దాచుకున్నాను, పొగరెక్కినప్పుడు చూసుకోవడానికి. అది పక్షవాతం గురించి. పైన లోగో, పక్కన అధ్యక్షుడి ఫొటో, కింద పెద్ద అక్షరాల్లో "పక్షవాతంపై అవగాహన పెంచుకుందాం, ఆరోగ్యంగా జీవిద్దాం". వచ్చిన షేర్లు మూడు. మూడూ మా ఆఫీసువాళ్లవే, అందులో ఒకటి నాది.

తప్పెక్కడుందో తెలియడానికి చాలా రోజులు పట్టింది. పోస్టు షేర్ చేసే మనిషికి మన సంస్థతో పనిలేదు. అది చూడగానే ఫలానావాళ్లు గుర్తొస్తే వాళ్లకి పంపిస్తాడు. లేదంటే, ఇది నా వాల్ మీద ఉంటే నలుగురూ నన్ను ఏమనుకుంటారు అని లెక్క వేసుకుంటాడు. రెండూ కుదరకపోతే లైక్ కొట్టి వెళ్లిపోతాడు.

అందుకే ఇప్పుడు ఏ పోస్టుకైనా ముందు ఒక కాగితం మీద ఒక్క వాక్యం రాసుకుంటాను. షేర్ చేసే మనిషి దాని పైన ఏం రాసి పంపుతాడు అన్నదే ఆ వాక్యం. "అన్నయ్యా, నాన్నకి బీపీ ఉంది కదా, ఇదొకసారి చూడు." ఇది దొరికితే సగం పని అయిపోయినట్టే. దొరక్కపోతే ఆ పోస్టు పెట్టను. "అవగాహన పెంచుకుందాం" అన్నదాని పైన ఎవరైనా ఏం రాస్తారు చెప్పండి?

ఆ అన్నయ్యని ఎదురుగా కూర్చోబెట్టుకున్నట్టు ఊహించుకుని పాత పోస్టు మళ్లీ రాశాను:

"మూతి ఒక పక్కకి జారిందా? రెండు చేతులూ పైకెత్తమంటే ఒకటి కిందికి వాలిపోతోందా? మాట ముద్దగా వస్తోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నట్టుండి కనిపించినా కాసేపు పడుకుంటే తగ్గుతుందిలే అనుకోవద్దు. గడియారం చూసి టైమ్ రాసుకోండి, వెంటనే అంబులెన్స్ పిలవండి. రక్తపు గడ్డని కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. ఎప్పుడు మొదలైందని డాక్టరు మిమ్మల్నే అడుగుతారు."

లోగో చిన్నదై కింది మూలకి వెళ్లింది. అధ్యక్షుడి ఫొటో తీయించడానికి మాత్రం రెండు మీటింగులు పట్టింది. ఈసారి షేర్ చేసినవాళ్లలో నాకు తెలియని పేర్లు కనిపించాయి. చాలామంది పైన రాసింది దాదాపు ఒకటే మాట: "ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లు చదవండి." నేను ఊహించిన వాక్యం అది కాదు, కానీ దాని చుట్టమే.

ఇక భావాల సంగతి. జోనా బర్జర్, క్యాథరిన్ మిల్క్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన సుమారు 7,000 వ్యాసాలు పరిశీలించి 2012లో ఒక పత్రం ప్రచురించారు. అబ్బురం, కోపం, ఆందోళన కలిగించే వ్యాసాల్ని జనం ఎక్కువగా పంపుకున్నారు. దిగులు పుట్టించేవాటిని తక్కువ. మా దగ్గరా అంతే. ఒక పేషెంటు కథ పెడితే కింద ఏడుపు బొమ్మలు బోలెడు, షేర్లు లేవు. ఆయన భార్య ఆ రోజు ఏం గమనించి ఏం చేసిందో నాలుగు వాక్యాలు చేర్చి మళ్లీ పెడితే కదిలింది. దిగులుతో కూలబడ్డ మనిషి చేతికి ఏదో ఒక పని అందించాలి.

కోపం అన్నిటికన్నా సులువు, అందుకే నేను దాని జోలికి పోను. అబద్ధం ఎక్కేది కూడా ఆ బండే. 2018లో 'సైన్స్' అనే పత్రికలో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ పరిశోధకులు ట్విటర్‌లో 2006 నుంచి 2017 దాకా తిరిగిన సుమారు 1,26,000 వార్తాకథనాల లెక్క ఇచ్చారు. నిజంకన్నా అబద్ధం రీట్వీట్ అయ్యే అవకాశం 70 శాతం ఎక్కువట. బాట్ల (మనుషులు కాకుండా ప్రోగ్రాములు నడిపే ఖాతాల) లెక్క తీసేసినా అదే తేలింది, అంటే మోసేది మనమే. అబద్ధానికి ఉన్న ఒక సుగుణం కొత్తదనం. దాన్ని మాత్రం అప్పు తెచ్చుకోవచ్చు. జనానికి తెలియని ముక్క మూడో పేరాలో ఉంటే దాన్ని మొదటి వాక్యానికి తెచ్చేయండి.

మొత్తం చదివాకే షేర్ చేస్తారనే ఆశ కూడా వదిలేయండి. 2016లో కొలంబియా యూనివర్సిటీ, ఫ్రాన్స్‌లోని కంప్యూటర్ పరిశోధన సంస్థ ఇన్రియా కలిసి చేసిన పరిశోధనలో, ట్విటర్‌లో షేరైన లింకుల్లో 59 శాతం ఎవరూ నొక్కనేలేదని తేలింది. చెప్పాల్సింది లింకు అవతల దాచి ఉపయోగం లేదు.

చివరగా తేదీ. ఇది నాకు తలవంపుతో తెలిసింది. ఒకసారి తప్పిపోయిన పిల్లవాడి ఫొటో వస్తే, పోయేదేముందని ఉన్న గ్రూపులన్నిటికీ పంపాను. పది నిమిషాల్లో మా పిన్ని ఫోన్: "ఆ పిల్లాడు దొరికి నాలుగేళ్లయిందే, నువ్వే ఇట్లా పంపితే ఎట్లా?" ఫొటోలో తేదీ లేదు. నేనూ వెతకలేదు.

ఫొటో ఫ్యామిలీ గ్రూపుల్లో పడ్డాక మన పేజీతో దానికి సంబంధం తెగిపోతుంది. పేజీలో రాసిన వివరమేదీ వెంట వెళ్లదు. కాబట్టి రక్తం కావాలన్న పోస్టయితే రోజు, నెల, సంవత్సరం, ఎప్పటి వరకు అవసరమో అన్నీ ఫొటోలోనే వేస్తాను. దాత దొరకగానే పేజీలో పోస్టు పైన "అవసరం తీరింది" అని రాస్తాను. వెళ్లిపోయిన ఫొటోని వెనక్కి తేలేను కాబట్టి, తేదీ మాత్రం ఫోన్‌ని దూరంగా పట్టుకుని చదివే మా పిన్నికి కూడా కనపడేంత పెద్దగా వేస్తున్నాను.