దిగుబడి పడిపోతే ఉత్ప్రేరకాన్ని తిట్టే ముందు: చక్కెరలు, ఆమ్లాలు, కొన్ని సమస్యలు - పరిష్కారాలు

చెన్నైలో గిండీ, తరమణి వైపు ప్రయోగశాలలకు ప్రాజెక్టు పని మీద వచ్చే మన తెలుగు విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్నలివి. చెరకు పిప్పి, మొక్కజొన్న కండెల్లోని చక్కెరలను ఆమ్లంతో వేడిచేసి హెచ్‌ఎంఎఫ్ (హైడ్రాక్సీమిథైల్‌ఫర్‌ఫ్యూరల్), ఫర్‌ఫ్యూరల్, లెవులినిక్ ఆమ్లం అనే రసాయనాలు రాబట్టడం వీళ్ల పని. ఏది చెడినా ముందు ఉత్ప్రేరకం మీద పడతారు. చాలాసార్లు అసలు దోషి నీరు.

ద్రావణం నల్లబడింది, గోడలకు తారు పట్టింది

రంగు టీ నీళ్లలా ఉన్నంతవరకు కంగారు వద్దు. ఫిల్టర్ కాఫీ డికాక్షన్‌లా చిక్కబడి, అడుగున నల్లటి పొడి దిగితే అవి హ్యూమిన్లు. హెచ్‌ఎంఎఫ్ తనలో తాను, మిగిలిన చక్కెరతోనూ ముడిపడి తయారుచేసే పెద్ద అణువులివి. చక్కెర గాఢత ఎక్కువైనా, వేడి ఆమ్లంలో హెచ్‌ఎంఎఫ్ ఎక్కువసేపు ఉన్నా పెరుగుతాయి. ముందు గాఢత తగ్గించండి. తర్వాత, చివర్లో ఒక్క నమూనాతో సరిపెట్టకుండా మధ్యమధ్య తీస్తూ, హెచ్‌ఎంఎఫ్ గరిష్ఠానికి ఎప్పుడు చేరుతోందో చూసి, అక్కడే పాత్రను మంచునీళ్లలోకి దించండి. ఇంతకన్నా మంచి మార్గం మిథైల్ ఐసోబ్యూటైల్ కీటోన్ లాంటి ద్రావణిని రెండో పొరగా వాడటం. ఆమ్లం కింద నీటిలోనే ఉండిపోతుంది, పుట్టిన హెచ్‌ఎంఎఫ్‌లో మంచి భాగం పైకి తప్పించుకుంటుంది.

ఆ నల్లపొడిని పారబోయకండి. కడిగి, ఆరబెట్టి, తూచండి. లెక్కకు అందని కార్బన్ చాలావరకు అక్కడే దొరుకుతుంది.

రెసిన్ మొదటిసారి బ్రహ్మాండంగా పనిచేసింది, రెండోసారి చతికిలపడింది

రెసిన్ అంటే సల్ఫోనిక్ ఆమ్ల సమూహాలు అతికించిన ప్లాస్టిక్ పూసలు, ద్రవ ఆమ్లానికి బదులు వాడే ఘన ఉత్ప్రేరకం. నేను మొదట అడిగే ప్రశ్న: ఉప్పు వేశారా? నీటి పొరలో ఉప్పు కలిపితే హెచ్‌ఎంఎఫ్ పై పొరలోకి బాగా వెళ్తుందని చదివి చాలామంది వేస్తారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో అది మంచి ఉపాయమే. సల్ఫోనిక్ రెసిన్‌తో మాత్రం కొంప ముంచుతుంది. రెసిన్ తన హైడ్రోజన్ అయాన్లను వదిలేసి, ఉప్పులోని సోడియంను పట్టుకుంటుంది. నమ్మకం లేకపోతే చిన్న సీసాలో చిటికెడు రెసిన్ మీద ఉప్పునీళ్లు పోసి కుదిపి, పైన తేరిన నీటిలో నీలి లిట్మస్ ముంచండి. ఎర్రబడుతుంది. అంటే మీ మొదటి ప్రయోగాన్ని చాలావరకు నడిపింది ఘన ఉత్ప్రేరకం కాదు, నీటిలోకి దిగిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దాన్ని వడకట్టి పారబోశాక మీ చేతిలో మిగిలినవి సోడియం పట్టిన పూసలు.

ఉప్పు వేయకపోయినా ఈ గతి పట్టవచ్చు. బోరు నీళ్లతోనో ట్యాంకర్ నీళ్లతోనో కడిగితే అందులోని కాల్షియం, మెగ్నీషియం సోడియం కన్నా గట్టిగా అతుక్కుంటాయి. విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెట్టి, కడిగిన నీరు తటస్థమయ్యేదాకా అయాన్లు తీసేసిన నీటితో కడిగితే రెసిన్ మళ్లీ దారికొస్తుంది. ఎంత ఆమ్లత తిరిగొచ్చిందో ఉప్పునీటిలో నానబెట్టి, ఆ నీటిని సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేస్తే తేలిపోతుంది.

అప్పటికీ లేవకపోతే రంధ్రాలను హ్యూమిన్లు మూసేసి ఉండాలి, లేదా వేడి మితిమీరి ఉండాలి. ఆంబర్‌లిస్ట్-15 లాంటి రెసిన్‌కు 120 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. దాటితే సల్ఫోనిక్ సమూహాలు ఊడి నీటిలో కలుస్తాయి. పరీక్ష తేలికే: చర్య సగంలో ఉండగా వేడిమీదే రెసిన్‌ను వడకట్టి, ద్రవాన్ని అదే ఉష్ణోగ్రతలో కొనసాగించండి. ఉత్ప్రేరకం వేయని పాత్రలో కన్నా ఇందులో హెచ్‌ఎంఎఫ్ వేగంగా పెరుగుతుంటే పనిచేస్తున్నది కరిగిన ఆమ్లమే.

ఫ్రక్టోజ్‌తో వస్తోంది, గ్లూకోజ్‌తో రావడం లేదు

గ్లూకోజ్ ఆరు పరమాణువుల వలయంగా స్థిరంగా ఉంటుంది. దాన్ని ముందు ఫ్రక్టోజ్‌గా మార్చాలి. సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒక్కటే ఆ పని సరిగా చేయలేదు, లూయీ ఆమ్లం (ఎలక్ట్రాన్ల జంటను స్వీకరించే పదార్థం, ఇక్కడ లోహ క్లోరైడ్) తోడు కావాలి. 2007లో అయానిక్ ద్రవంలో (ద్రవరూపంలో ఉండే లవణంలో) క్రోమియం క్లోరైడ్‌తో గ్లూకోజ్ నుంచి 70 శాతం దాకా హెచ్‌ఎంఎఫ్ రాబట్టారు. క్రోమియం వ్యర్థాల తలనొప్పి ఎందుకని నా ఓటు అల్యూమినియం క్లోరైడ్‌కే. నిర్జల రకం మాత్రం కొనకండి, చెన్నై గాలిలో మూత తీయగానే పొగలు కక్కుతుంది. నీటిలో వాడటానికి స్ఫటికజలం ఉన్న రకం చాలు.

హెచ్‌ఎంఎఫ్ తగ్గుతోంది, ఘాటు వాసన వస్తోంది

ఫ్రక్టోజ్ మూడు నీటి అణువులు వదిలి హెచ్‌ఎంఎఫ్ అవుతుంది. అది రెండు నీటి అణువులు తిరిగి తీసుకుంటే లెవులినిక్, ఫార్మిక్ ఆమ్లాలుగా చీలుతుంది. హెచ్‌ఎంఎఫే కావాలంటే నీరు తగ్గించాలి, లేదా త్వరగా ఆపాలి. లెవులినిక్ ఆమ్లం అయినా పరవాలేదంటే పోరాటం మానేసి అటే నడపండి. బయోఫైన్ అనే పారిశ్రామిక పద్ధతి చేసేది అదే: విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లంతో మొదటి రియాక్టర్‌లో 210-220 డిగ్రీల దగ్గర సుమారు 12 సెకన్లు, రెండోదానిలో 190-200 డిగ్రీల దగ్గర సుమారు 20 నిమిషాలు.

ఒక మాట. 100 గ్రాముల ఫ్రక్టోజ్ నుంచి సిద్ధాంతరీత్యా 70 గ్రాములకు మించి హెచ్‌ఎంఎఫ్ రాదు. 60 గ్రాములు వచ్చిందని దిగులుపడేవాళ్లు మోల్ లెక్క చూసుకోవాలి.

గాఢపరచగానే ఫర్‌ఫ్యూరల్ మాయమైంది

ఫర్‌ఫ్యూరల్ మరిగేది 162 డిగ్రీల దగ్గర, కాబట్టి నీరే ముందు పోతుందనుకుంటారు. నీటితో కలిసి మాత్రం అది దాదాపు 98 డిగ్రీలకే ఆవిరై వెళ్లిపోతుంది. మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్లతో కండెన్సర్ కూడా చల్లబడదు. నీటిని ఆవిరిచేయకండి, ద్రావణితో వేరుచేయండి.

చెరకు పిప్పితో లెక్కలు కుదరడం లేదు

రసం బండి దగ్గర తెచ్చిన పిప్పిని విప్పి చూడండి: అల్లం పీచు, నిమ్మతొక్క, ఇంకా జిగురుగా మిగిలిన రసం. ఆ రసంలోని సుక్రోజ్ తేలిగ్గా హెచ్‌ఎంఎఫ్ ఇస్తుంది, సెల్యులోజ్ విడిపోయిందని మనం సంబరపడతాం. మరోవైపు పిప్పిలోని బూడిద వేసిన ఆమ్లాన్ని కొంత తటస్థం చేస్తుంది. అల్లం, నిమ్మ ఏరేసి, వేడినీళ్లతో కడిగి, అదే రోజు ఆరబెట్టండి. ఈ ఉక్కలో మర్నాటికే పులుస్తుంది. ఆమ్లం కలిపి నానబెట్టాక పీహెచ్ మరోసారి చూసి, తగ్గినంత ఆమ్లం కలిపాకే పాత్ర మూత బిగించండి.