మొగ్గల టీని సరిగ్గా రుచి చూడటం ఎలా?

మంచి మొగ్గల టీ కొనుక్కొచ్చి, సలసలా మరిగే నీళ్లు పోసి, రంగు రాలేదని పావుగంట అలాగే వదిలేసి, చివరికి చేదుగా ఉందని పారబోసేవాళ్లని చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నా. ఇంకొందరైతే ఒక్క గుక్క తాగి "వేడినీళ్లు తాగినట్టే ఉంది, దీనికింత గొప్పేంటి" అని పక్కన పెట్టేస్తారు. ఈ రెండింటికీ మూలం ఒకటే, రంగు ఎక్కితేనే టీ దిగినట్టు అనుకోవడం. ఈ టీ దగ్గర ఆ లెక్క పూర్తిగా మర్చిపోవాలి.

మొగ్గ అంటే ఇక్కడ పువ్వు మొగ్గ కాదు. టీ మొక్క కొమ్మ చివర ఇంకా విప్పుకోని ఆకు. దాని మీద తెల్లటి నూగు ఉంటుంది, వేలితో రాస్తే మెత్తగా తగులుతుంది. చైనాలో ఫుజియాన్ ప్రాంతంలోని ఫుడింగ్, జెంగ్‌హలో తయారయ్యే సిల్వర్ నీడిల్ అచ్చంగా మొగ్గలతోనే చేసే వైట్ టీ, అంటే కోసినదాన్ని వాడబెట్టి ఆరబెట్టేది, అంతే. హునాన్‌లో దొంగ్‌టింగ్ సరస్సు మధ్య దీవిలో పండే జున్‌షాన్ యిన్‌జెన్ ఎల్లో టీ, అంటే గ్రీన్ టీలాగే చేసి మధ్యలో కాసేపు కప్పి మగ్గబెట్టేది. వుయీ కొండల్లో తోంగ్‌ము ఊళ్లో 2005లో మొదలైన జిన్ జున్ మే బ్లాక్ టీ, అదీ మొగ్గలదే. మన డార్జిలింగ్‌లో, నీలగిరుల్లో కూడా సిల్వర్ టిప్స్ చేస్తారు. లాంగ్‌జింగ్ లాంటి గ్రీన్ టీల్లో మేలు రకానికి మొగ్గ, దానితో పాటు ఒకటో రెండో లేత ఆకులు కోస్తారు. చైనాలో ఏప్రిల్ 4, 5 తేదీల్లో వచ్చే చింగ్‌మింగ్ పండగకి ముందు కోసిన గ్రీన్ టీకి గిరాకీ ఎక్కువ, ఎందుకంటే చలికాలమంతా ఎదగకుండా ఆగిన మొక్క వేసే తొలి చిగుళ్లు అవి, వాటిలో థియానిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, నాలిక మీద ఆ కమ్మదనం చాలావరకు దానిదే.

కావాల్సినవి

150 మిల్లీలీటర్లు పట్టే మూతున్న తెల్ల పింగాణీ కప్పు (చైనావాళ్లు టీకి వాడే మూతున్న కప్పు, గైవాన్ అంటారు, అది ఉంటే అదే వాడండి), వంపుకోవడానికి ఒక గాజు జగ్గు, తాగడానికి చిన్న కప్పు, గ్రాములు చూపించే చిన్న త్రాసు, థర్మామీటర్. అంతే. స్టీలు గ్లాసు వద్దు, ప్లాస్టిక్ అసలు వద్దు. స్పూన్ల లెక్క కూడా వద్దు, మొగ్గలు ఉబ్బుగా ఉంటాయి కాబట్టి స్పూను నిండా తీసినా బరువు ఏమీ ఉండదు, అందుకే తూకం వెయ్యమంటున్నా. 150 మిల్లీలీటర్లకి 3 గ్రాములు.

పొడిగా ఉన్నప్పుడు చూడండి

తెల్ల కాగితం మీద పోసి చూడండి. మొగ్గలు విరక్కుండా, లావుగా, దాదాపు ఒకే సైజులో ఉండాలి. సిల్వర్ నీడిల్ అయితే నూగు కింద బూడిదా ఆకుపచ్చా కలిసిన రంగు కనిపించాలి. ఎర్రగానో నల్లగానో కమిలిన మొగ్గలు ఎక్కువగా ఉంటే ఆరబెట్టడంలో తేడా జరిగినట్టు. తర్వాత ఖాళీ కప్పుని వేడినీళ్లతో తొలిపి, ఆ నీళ్లు పారబోసి, వెచ్చటి కప్పులో మొగ్గలు వేసి మూత పెట్టి అర నిమిషం ఆగి మూత తీసి వాసన చూడండి. ఎండుగడ్డి, తేనె, తాజాగా కోసిన దోసకాయ, పువ్వులు, ఇలాంటివి తగులుతాయి. అట్టపెట్టె వాసనో, ముక్కిన వాసనో వస్తే ఆ టీ నిల్వలో పాడైంది, ఇక నీళ్లలో ఎంత జాగ్రత్త పడినా బాగుపడదు.

నీళ్లు, వేడి, టైము: ఇక్కడే అందరూ చెడగొట్టేది

ఇది మాత్రం నిదానంగా చదవండి.

ముందు నీళ్లు. కాల్షియం ఎక్కువున్న నీళ్లలో ఈ టీ చచ్చిపోతుంది, పైన సన్నటి తెట్టు కడుతుంది, వాసన అణిగిపోతుంది. అలాగని ఖనిజాలు మొత్తం తీసేసిన నీళ్లు కూడా పనికిరావు, రుచి చప్పగా తేలిపోతుంది. ఊరికే తాగితే ఏ రుచీ తగలకుండా హాయిగా దిగే తేలికపాటి నీళ్లు కావాలి.

ఇప్పుడు వేడి. చేదూ వగరూ ఇచ్చే కెఫీన్, కేటెచిన్లు మొగ్గలో ముదురాకులో కంటే ఎక్కువే ఉంటాయి, లేతది కదా మెత్తగా ఉంటుందిలే అనుకోవడం పొరపాటు. కమ్మదనం ఇచ్చే అమైనో ఆమ్లాలు ఓ మోస్తరు వేడికే నీళ్లలోకి వచ్చేస్తాయి, చేదూ వగరూ ఇచ్చేవి మాత్రం వేడి పెరిగేకొద్దీ ఎక్కువెక్కువగా దిగుతాయి. కాబట్టి మనం చేసేదల్లా మొదటివి రానిచ్చి రెండోవాటిని అదుపులో పెట్టడమే. నా లెక్క ఇది, దీన్ని మార్చొద్దు: వైట్ టీ మొగ్గలకి 85 డిగ్రీలు, ఎల్లో టీకి 80, గ్రీన్ టీకి 75, జిన్ జున్ మే లాంటి బ్లాక్ టీ మొగ్గలకి 90.

థర్మామీటర్ లేకపోతే కాగిన నీళ్లని ఒక చల్లటి జగ్గులోకి, అక్కణ్ణుంచి ఇంకోదాంట్లోకి వంపండి, మార్చినప్పుడల్లా కొన్ని డిగ్రీలు తగ్గుతుంది, కానీ ఎంతనేది పాత్ర మందాన్ని బట్టి, గదిలో చలిని బట్టి మారిపోతుంది కాబట్టి దీన్ని నమ్ముకోవడం కంటే థర్మామీటర్ కొనుక్కోవడమే మంచిది. కొండ ప్రాంతాల్లో ఉండేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి, ఎత్తు 300 మీటర్లు పెరిగితే నీళ్లు మరిగే వేడి సుమారు 1 డిగ్రీ తగ్గుతుంది. మరిగాయి కాబట్టి 100 అనేసుకుని దాన్నుంచి లెక్కేస్తే తప్పుతుంది.

పొయ్యడం కూడా ఒక పద్ధతిలో పొయ్యాలి. ధారని నేరుగా మొగ్గల నెత్తిన పొయ్యొద్దు. కప్పు అంచుకి ఆనించి సన్నగా చుట్టూ తిప్పుతూ పోస్తే నీళ్లు గోడ మీదుగా జారి మొగ్గల్ని కింద నుంచి లేపుతాయి. పైనుంచి దభాలున పోస్తే నూగు ఒక్కసారిగా ఊడి వస్తుంది, లేత అంచులు కమిలిపోతాయి.

పొయ్యగానే మొగ్గలన్నీ పైకి తేలతాయి. కంగారుపడి స్పూనుతో నొక్కేసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు. నూగు మధ్య గాలి చిక్కుకుని ఉంటుంది, నీళ్లు లోపలికి ఎక్కడానికి టైము పడుతుంది, అందుకే విప్పుకున్న ఆకు కంటే మొగ్గ నెమ్మదిగా దిగుతుంది. కాసేపు చూస్తే ఒక్కో మొగ్గ నుంచి సన్నటి బుడగ ఊడిపోయి, అది నిలువుగా తిరిగి, కొన ఉపరితలానికి తగిలేలా నిలబడి, తర్వాత మెల్లగా కిందకి దిగుతుంది. జున్‌షాన్ యిన్‌జెన్‌ని పొడుగాటి గాజు గ్లాసులో పోసుకునేది దీన్ని చూడటానికే. చూడటానికి గాజు సరే, రుచికి మాత్రం మూతున్న పింగాణీయే. గ్రీన్ టీకి మాత్రం మూత వెయ్యకండి, ఆవిరికి ఉడికిపోయిన కూర వాసన వస్తుంది.

టైము. వైట్ టీకి మొదటిసారి 3 నిమిషాలు, గ్రీన్, ఎల్లో టీలకి నిమిషంన్నర నుంచి 2 నిమిషాలు, బ్లాక్ టీకి నిమిషం చాలు. 3 నిమిషాలయ్యాక కప్పులోకి చూస్తే వైట్ టీ లేత గడ్డి రంగులో, దాదాపు నీళ్లలాగే ఉంటుంది. సరిగ్గా ఇక్కడే చెయ్యి ఆగదు జనానికి, "ఇంకా దిగలేదు" అని ఇంకో 5 నిమిషాలు వదిలేస్తారు. కమ్మదనానికీ తీపికీ రంగుండదు, అవి కంటికి కనిపించకుండానే వచ్చేసి ఉంటాయి. అనుమానంగా ఉంటే స్పూనుతో కాస్త తీసి రుచి చూడండి, అర నిమిషం ఆగి మళ్లీ చూడండి. నాలిక చెప్పింది వినండి, కళ్లు చెప్పింది వద్దు. నాలిక రెండు పక్కలా ఎండినట్టు అనిపించడం మొదలైందంటే ఇంక ఆలస్యం చెయ్యకుండా వంపెయ్యాలి.

వంపేటప్పుడు చివరి చుక్క దాకా జగ్గులోకి వంపెయ్యండి. అడుగున నీళ్లు మిగిల్తే మొగ్గలు అందులో నానుతూనే ఉంటాయి, రెండోసారి పోసినప్పుడు ఆ చేదంతా కలుస్తుంది.

మరిగే నీళ్లే పొయ్యాలని వాదించేవాళ్లు చాలామంది ఉన్నారు, నూగు మొగ్గని కాపాడుతుందని వాళ్ల మాట. వైట్ టీ తట్టుకుంటుంది, ఒప్పుకుంటా, పాతబడ్డ వైట్ టీ అయితే బాగానే ఉంటుంది కూడా. కానీ ఆ ఏడాది కోసిన తాజా మొగ్గల్లో పైపైన ఉండే పూల వాసన ఆ వేడికి నిలవదు. ఇంకొందరు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ పెట్టిన 3103 ప్రమాణాన్ని చూపిస్తారు. అందులో 100 మిల్లీలీటర్లకి 2 గ్రాములు, మరిగే నీళ్లు, 6 నిమిషాలు అని ఉన్నమాట నిజమే. అది రకరకాల టీలని ఒకే కొలతలో పెట్టి పోల్చడానికి పెట్టుకున్న పద్ధతి, లోపముంటే దాక్కోకుండా బయటపడాలి అందులో. కూర్చుని హాయిగా తాగడానికి రాసింది కాదు.

మొదటి నీళ్లు పారబోసి "కడగడం" కూడా వద్దు. గట్టిగా అచ్చుకట్టి ఏళ్ల తరబడి నిల్వ ఉంచిన టీలకి ఆ పద్ధతి సరే, తాజా మొగ్గలకి చేస్తే మంచి వాసనలో సగం సింకులో పోసినట్టే. పాలు గురించి ఒక్క ముక్క, పాలల్లో ఉండే కేసిన్ అనే ప్రొటీను టీలోని పాలీఫినాల్స్‌ని (ఇందాక చెప్పిన కేటెచిన్లు ఈ కోవలోవే) పట్టేసుకుంటుంది, అంత సన్నటి రుచి పాల కింద ఎక్కడా మిగలదు. పాల టీ కావాలంటే దానికి వేరే ఆకు ఉంది, ఈ మొగ్గల్ని వదిలెయ్యండి.

తాగడం

వెంటనే తాగొద్దు. 65 డిగ్రీలు దాటిన పానీయాలని క్యాన్సర్ కారకం అయ్యే అవకాశమున్నవాటిలో 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్సీ చేర్చింది, అదలా ఉంచినా అంత వేడిలో నాలికకి ఏమీ తెలీదు. 55 డిగ్రీల దగ్గరకి రానివ్వండి, అంటే కప్పుని చేత్తో చుట్టి హాయిగా పట్టుకోగలిగేంత.

జుర్రున చప్పుడొచ్చేలా పీల్చండి, మొహమాటపడొద్దు. గాలితో కలిసి లోపలికి వెళ్తేనే టీ నోరంతా పరుచుకుంటుంది. రెండు మూడు సెకన్లు నోట్లో తిప్పి, మింగి, నోరు మూసుకుని ముక్కుతో గాలి మెల్లగా వదలండి. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం వాసనే, అది గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది, ముక్కుతో వదిలితేనే పువ్వులూ తేనే తెలుస్తాయి. చేదునీ వగరునీ విడిగా గమనించండి, చేదు నాలికకి తెలిసే రుచి, వగరు మాత్రం నోరు పట్టేసినట్టు ఆరిపోవడం, లాలాజలంలో ప్రొటీన్లకి పాలీఫినాల్స్ అతుక్కోవడం వల్ల వచ్చేది. మంచి మొగ్గల టీలో ఈ రెండూ కొంచెం ఉన్నా నిలవవు. మింగాక ఒక నిమిషం ఏమీ తాగకుండా ఆగండి, గొంతులో తీపి వెనక్కి తిరిగొస్తుంది, మంచి టీకీ మామూలు టీకీ తేడా ఎక్కువగా అక్కడే తెలుస్తుంది.

కప్పుని వెలుతురుకి పెడితే సన్నటి నలకలు తేలుతూ మెరుస్తాయి. దుమ్ము కాదు, ఊడొచ్చిన నూగు. దాని కోసం గుడ్డలో వడకట్టొద్దు, టీకి ఆ చిక్కదనం ఇవ్వడంలో దానికీ పాత్ర ఉంది.

మళ్లీ మళ్లీ పోసుకోవడం

అవే మొగ్గలతో కనీసం నాలుగుసార్లు వస్తుంది. రెండోసారి కాస్త తక్కువ టైము చాలు, ఎందుకంటే మొగ్గలు అప్పటికే తడిసి ఉన్నాయి, మూడోసారి నుంచి అర నిమిషమో నిమిషమో పెంచుకుంటూ పోండి. సాధారణంగా రెండోదే అన్నిటికంటే బాగుంటుంది, మొదటిది తాగి ఆపేసేవాళ్లు అసలైంది పోగొట్టుకుంటున్నారు. ప్రతిసారీ వంపేశాక మూత లోపలి వైపు వాసన చూడండి, వేడిగా ఉన్నప్పుడు ఒకటి, చల్లారాక ఇంకోటి తగులుతుంది.

అయిపోయాక మొగ్గల్ని తెల్ల ప్లేటులో పరిచి చూడండి. లావుగా, మెత్తగా, వేళ్ల మధ్య నొక్కితే చితక్కుండా సాగాలి. విప్పి చూస్తే మొగ్గ లోపల ఇంకో చిన్న ఆకు చుట్టుకుని కనిపిస్తుంది. పేరుకి మొగ్గల టీ అని అమ్మి ముక్కలైన ఆకులు కలిపారా లేదా అనేది ఇక్కడ తేలిపోతుంది.

మిగతా టీని గాలి చొరని డబ్బాలో, వెలుతురు తగలకుండా, మసాలాలకి దూరంగా పెట్టండి. గ్రీన్ టీ ఫ్రిజ్‌లో పెడితే డబ్బా బయటకి తీసి గది వేడికి వచ్చేదాకా మూత తియ్యకండి, లేకపోతే చెమ్మ పట్టేస్తుంది. వైట్ టీకి ఫ్రిజ్ అక్కర్లేదు.