ఉప్పులో ప్లాస్టిక్ ఉందా? ఇంట్లోనే చూడటం ఎలా?

హైదరాబాద్‌కు సముద్రం లేకపోయినా మన వంటింట్లోకి అది రోజూ వస్తూనే ఉంది, ఉప్పు రూపంలో. ఉప్పుమడుల్లో నీరు ఆవిరైపోతుంది. ఆ నీటిలోని ప్లాస్టిక్ తుక్కు మాత్రం ఎక్కడికీ పోదు. 5 మిల్లీమీటర్ల లోపు ఉండే ఈ ముక్కలే మైక్రోప్లాస్టిక్. ఐఐటీ బాంబే పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, మన దేశపు సముద్రపు ఉప్పులో దొరికిన రేణువుల్లో 63 శాతం ముక్కలు, 37 శాతం పోగులు. మరీ సన్నవి మన కంటికి ఆనవు గానీ, పోగుల్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు.

కావలసినవి: పావుకిలో దొడ్డుప్పు, స్టీలు గిన్నెలు, గాజు సీసా, కాఫీ ఫిల్టర్ కాగితాలు, భూతద్దం, సూది.

1. ఫ్యాన్ ఆపేయండి. పాలిస్టర్ చున్నీ, నైటీ కాకుండా నూలు బట్టలు వేసుకోండి. ప్లాస్టిక్ గరిటె, మగ్గు దగ్గరికి రానివ్వొద్దు.

2. రెండు లీటర్లకు పైగా నీళ్లు తీసుకుని కాగితంలో ఒకసారి వడకట్టి, ఆ కాగితం పారేయండి. బబుల్ క్యాన్ నీళ్లు వద్దు, అదీ ప్లాస్టిక్కే.

3. అందులో ఒక లీటరును ఉప్పు వేయకుండానే కొత్త కాగితంలో మళ్లీ వడకట్టి, దానిమీద ‘ఉత్త నీళ్లు’ అని రాసి మూతపెట్టండి. అందరూ వదిలేసేది ఈ పనినే. కానీ ఇది లేకపోతే మిగతాదంతా దండగ. మన ఇంటి దుమ్ములోనే సోఫా, కర్టెన్ల పోగులు బోలెడుంటాయి. తర్వాత ఉప్పునీళ్లు వడకట్టే కాగితం మీద కనిపించేది ఉప్పులోదో, ఇంటిదో తేల్చేది ఇదే.

4. ఇంకో లీటరులో ఉప్పు పూర్తిగా కరిగించి, మరో కాగితంలో వడకట్టండి. చాలా నెమ్మదిగా దిగుతుంది. తొందరపడి స్పూన్‌తో గీకితే కాగితం పోగులే లేచి వస్తాయి. ముందు వడకట్టిన నీళ్లలో మిగిలినవి కాసిని పోసి కడిగితే ఎండాక ఉప్పు పొర కట్టదు.

5. రెండూ ఆరాక ఎండ వెలుగులో భూతద్దంతో చూడండి. తెల్ల పోగుల్ని లెక్కలోకి తీసుకోవద్దు, కాగితానివీ కావచ్చు. నీలం, ఎరుపు, నలుపు పోగులు, నిగనిగలాడే పలుచటి పెచ్చులు వెతకండి. అనుమానం వస్తే సూదిని పట్టకారుతో పట్టుకుని ఎర్రగా కాల్చి ఆనించండి. ప్లాస్టిక్ అయితే ముడుచుకుపోతుంది, లేదా కరుగుతుంది. నూలు పోగు మాడుతుంది. ఇసుక రేణువు అలాగే ఉంటుంది. ఈ పని పిల్లలతో చేయించకండి.

ఉప్పు కాగితం మీది లెక్కలోంచి ఉత్త నీళ్ల లెక్క తీసేయండి. ఏమీ మిగలకపోతే ఉప్పు శుభ్రమని కాదు, కంటికి కనిపించేవి లేవనే.

మిగిలితే టెన్షన్ పడి ఉప్పు పారబోయక్కర్లేదు. ఉప్పునీళ్లు చేసి, వడకట్టి కూరల్లో వాడుకోవచ్చు. మనవైపు నుంచి సముద్రంలోకి పోయే ప్లాస్టిక్కూ ఉంది: వాషింగ్ మెషీన్ లింట్ సంచిలోని పీచును సింకులో కడగకుండా చెత్తబుట్టలో వేయండి. మన డ్రైనేజీ నీరు చేరే మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి, ఆ నీరు బంగాళాఖాతానికే చేరుతుంది.