అమెరికాలో మన సంఘానికి పన్ను మినహాయింపు – 4వ పాఠం: ఉత్తరం చేతికొచ్చాక

గత మూడు పాఠాల్లో సంస్థను రాష్ట్రంలో రిజిస్టర్ చేశాం, బైలాస్ రాసుకున్నాం, ఈఐఎన్ (పన్నుల శాఖ సంస్థకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకున్నాం, 275 డాలర్లు కట్టి మినహాయింపు దరఖాస్తు ఫారం 1023-ఈజెడ్ పంపాం. ఇప్పుడు సేవాసంస్థలకు వర్తించే 501(సి)(3) సెక్షన్ కింద మినహాయింపు ఇస్తూ ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) నుంచి ఉత్తరం వచ్చిందనుకుందాం. ఇక దాన్ని పోగొట్టుకోకుండా చూసుకోవాలి. చిన్న సంఘాలు మోసం చేసి మినహాయింపు పోగొట్టుకోవడం అరుదు. పాత కార్యవర్గం దిగిపోయి కొత్తది వచ్చేటప్పుడు పని చేతులు మారక పోగొట్టుకుంటాయి.

నేను మొదటిసారి ట్రెజరర్‌గా ఉన్న సంఘంలో ఇదే జరగబోయింది. ఐఆర్‌ఎస్ దగ్గరున్న చిరునామా మాజీ అధ్యక్షుడి ఇల్లు. ఆయన ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్లిపోయారు, ఉత్తరాలు మాత్రం ఆ ఇంటికే వెళ్లేవి. రెండేళ్లుగా ఎవరూ రిటర్న్ ఫైల్ చేయలేదని నాకు తెలిసేసరికి మూడో గడువుకు తొమ్మిది రోజులే ఉంది. ఆ టెన్షన్ ఇంకెవరికీ రాకూడదనే ఈ పాఠాన్ని ఇంత వివరంగా రాస్తున్నాను.

పన్ను లేనంత మాత్రాన రిటర్న్ అక్కర్లేదని కాదు. ఏటా ఫైల్ చేయాల్సిందే. మూడేళ్లు వరుసగా మానేస్తే మూడో గడువు రోజునే మినహాయింపు దానంతటదే రద్దవుతుంది. ఈ రూల్ 2006 చట్టంతో వచ్చింది. 2011 జూన్‌లో ఐఆర్‌ఎస్ మొదటి జాబితా బయటపెట్టినప్పుడు దాదాపు 2,75,000 సంస్థల పేర్లు అందులో ఉన్నాయి.

చిన్న సంఘానికి ఆ రిటర్న్ ఫారం 990-ఎన్. కాగితం మీద పంపడం కుదరదు, ఐఆర్‌ఎస్ సైట్‌లోనే నింపాలి. అడిగేవి ఎనిమిదే విషయాలు: ఈఐఎన్, ఏ సంవత్సరానికి, సంస్థ అసలు పేరూ చిరునామా, వేరే పేర్లేమైనా ఉంటే అవి, ముఖ్య బాధ్యుడి పేరూ చిరునామా, వెబ్‌సైట్ ఉంటే అది, ఆదాయం పరిమితి లోపలే ఉందని ధ్రువీకరణ, సంస్థ మూతపడితే ఆ సంగతి. లాగిన్ సిద్ధంగా ఉంటే పది నిమిషాల పని. కానీ కొత్త ట్రెజరర్ తన గుర్తింపు రుజువు చేసుకుని ఖాతా తెరవాలి. దానికి సమయం పట్టొచ్చు కాబట్టి చివరి రోజు దాకా ఆగకండి. జనవరి–డిసెంబర్ లెక్క నడిపే సంఘానికి గడువు మే 15. దీనికి పొడిగింపు లేదు.

పరిమితి దగ్గర చాలామంది పొరబడతారు. ఆదాయం ‘మామూలుగా’ 50,000 డాలర్లు దాటకూడదు అంటే ఖర్చులు పోగా మిగిలింది కాదు, వచ్చిన మొత్తం. ఉగాదికి టికెట్ల మీద 22,000, స్పాన్సర్ల నుంచి 12,000 వచ్చాయి, హాలుకీ భోజనాలకీ 31,000 అయింది అనుకోండి. మీ లెక్కలో మిగిలింది 3,000. ఐఆర్‌ఎస్ లెక్కలో వచ్చింది 34,000. సంక్రాంతి, దీపావళి కూడా కలిపితే 50,000 దాటడం ఎంతసేపు? సంస్థకు మూడేళ్లు నిండాక మూడేళ్ల సగటు చూస్తారు. దాటితే 990-ఈజెడ్. వచ్చింది రెండు లక్షలకు చేరినా, ఆస్తులు ఐదు లక్షలకు చేరినా పూర్తి 990 నింపాలి. ఈ రెండింటికీ ఫారం 8868తో ఆరు నెలల గడువు అడగొచ్చు.

అధ్యక్షుడో, ట్రెజరరో, ఐఆర్‌ఎస్ దగ్గర బాధ్యుడిగా ఎవరి పేరుందో వారు మారితే 60 రోజుల్లోగా ఫారం 8822-బి పంపాలి. మా సంఘంలో ఎవరికీ తెలియని కాగితం ఇదే. చిరునామాకు ఒకరి ఇల్లు కాకుండా పోస్టాఫీసు బాక్సు పెట్టుకోండి, దానికి అద్దెగా కట్టిన డబ్బు వృథా కాదు.

ఇక రసీదులు. 250 డాలర్లు, ఆపైన ఇచ్చిన దాత పన్ను తగ్గింపు పొందాలంటే మీరు రాసిచ్చిన రసీదు ఉండాలి. ఇలా రాస్తే చాలు: ‘మీరు 300 డాలర్లు విరాళంగా ఇచ్చారు. బదులుగా మీకు ఏ వస్తువూ, సేవా ఇవ్వలేదు.’ ఆ రెండో వాక్యం వదిలేస్తే రసీదు పనికిరాదు. భోజనం పెట్టారా? అప్పుడు దాని విలువ చెప్పాలి. 100 డాలర్ల టికెట్‌లో విందు విలువ 30 అయితే తగ్గింపు 70కే. 75 డాలర్లు దాటిన ఇలాంటి చెల్లింపులకు ఈ లెక్క రాసివ్వడం సంస్థ బాధ్యత.

ఎన్నికల సమయంలో వేదిక మీద నుంచి సంఘం తరఫున ఏ అభ్యర్థికీ మద్దతు ప్రకటించకూడదు. మనవాడే పోటీలో ఉన్నా సరే.

ఇప్పటికే రద్దయిపోయిందా? కంగారు పడకండి. మొదటిసారి రద్దయినవాళ్లు, ఆ మూడేళ్లూ 990-ఎన్ లేదా 990-ఈజెడ్ స్థాయిలోనే ఉంటే, 15 నెలల్లోగా మళ్లీ దరఖాస్తు పెట్టి రద్దయిన తేదీ నుంచే మినహాయింపును తిరిగి తెచ్చుకోవచ్చు. ఆ 15 నెలలు రద్దు ఉత్తరం తేదీ, జాబితాలో పేరు పెట్టిన తేదీ, ఈ రెండింట్లో ఏది తర్వాతదైతే దాని నుంచి లెక్క.

ఇంటిపని: ఐఆర్‌ఎస్ సైట్‌లో పన్ను మినహాయింపు సంస్థలను వెతికే పేజీ తెరిచి మీ ఈఐఎన్ కొట్టండి. చివరిగా ఏ సంవత్సరానికి రిటర్న్ వెళ్లిందో, ఏ చిరునామాతో వెళ్లిందో రాసిపెట్టుకోండి. 5వ పాఠంలో మన ఊరి బడికి ఇక్కడి నుంచి డబ్బు పంపడం గురించి. అక్కడ తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో అప్పటికల్లా కనుక్కుని ఉంచండి.